జార్జ్ మెలియెస్: స్టేజీ మీది జాదూని సినిమాలోకి తెచ్చిన నిర్మాత

జార్జ్ మెలియెస్ (1861–1938) ఫ్రాన్సుకు చెందిన మెజీషియన్, థియేటర్ యజమాని, సినిమా నిర్మాత. 1896 నుంచి 1913 మధ్య సుమారు 520 సినిమాలు తీశారు. ఈ రోజు మనం విజువల్ ఎఫెక్ట్స్, గ్రాఫిక్స్ అని పిలుస్తున్న వాటికి పునాది వేసినవాళ్లలో ఆయన పేరే ముందు చెబుతారు. చంద్రుడి కంట్లో రాకెట్ గుచ్చుకున్న బొమ్మ చాలామంది ఎక్కడో ఒక చోట చూసే ఉంటారు. అది ఆయన 1902లో తీసిన 'చంద్రుడి మీదికి ప్రయాణం' సినిమాలోదే. ఆ సినిమా ఫ్రాన్సు దాటి అమెరికాలో కూడా జనాన్ని ఊపేసింది. అయినా ఆ సినిమా తీసిన మనిషి అరవై దాటాక పారిస్‌లోని ఒక రైల్వే స్టేషన్లో పిల్లల బొమ్మలు, మిఠాయిలు అమ్ముకుంటూ బతికారు.

ఇలా ఎందుకైంది అంటే చాలా చోట్ల 'కాలం మారింది, జనం అభిరుచి మారింది' అని ఒక్క మాటలో రాసేస్తారు. అందులో నిజం లేకపోలేదు. కానీ కామర్స్ చదువుకున్న నా కళ్లకి అసలు సంగతి లెక్కల పుస్తకంలో కనిపిస్తోంది. కాబట్టి ఆయన కళతో పాటు వ్యాపారం గురించి కూడా కాస్త వివరంగానే చెప్పుకుందాం.

ఒక మాట ముందే చెప్పాలి. జాదూ అనగానే మన ఇళ్లలో పెద్దవాళ్లు మొహం చిట్లిస్తారు. ఇక్కడ చెబుతున్నది చేతబడి, జిన్నుల సంగతి కాదు. హాథ్ కీ సఫాయి, అద్దాలు, దారాలు, స్టేజీ కింద దాచిన తలుపులు, అంతే. పైగా ఆత్మలతో మాట్లాడతామని చెప్పి జనాన్ని మోసం చేసేవాళ్లని మెలియెస్ తన స్టేజీ మీద ఎగతాళి చేసేవారు.

బూట్ల ఫ్యాక్టరీ వారసుడు

మెలియెస్ 1861 డిసెంబర్ 8న పారిస్‌లో పుట్టారు. వాళ్లది ఖరీదైన బూట్లు తయారుచేసే కుటుంబం, సొంత ఫ్యాక్టరీ ఉండేది. ముగ్గురు అన్నదమ్ముల్లో చిన్నవాడు. హెన్రీ, గాస్టన్ ఇద్దరూ అన్నలు. స్కూల్లో ఉన్నప్పటి నుంచి నోటు పుస్తకాల నిండా బొమ్మలు గీసే అలవాటు. పెయింటింగ్ నేర్చుకుంటానంటే తండ్రి ఒప్పుకోలేదు. ఫ్యాక్టరీలో మెషిన్ల పని చూడమన్నారు. ఇష్టం లేకుండా చేసిన ఆ పనే తర్వాత ఆయనకి అక్కరకొచ్చింది. ఏ యంత్రాన్నైనా విప్పి మళ్లీ బిగించగలిగే నేర్పు అక్కడే అబ్బింది.

1884లో ఇంగ్లీషు మెరుగుపడుతుందని ఇంట్లోవాళ్లు లండన్ పంపించారు. అక్కడ ఈజిప్షియన్ హాల్ అనే థియేటర్లో జాన్ నెవిల్ మాస్కెలీన్ మేజిక్ షోలు నడిచేవి. మెలియెస్‌కి ఆ పిచ్చి అక్కడే పట్టుకుంది. మరుసటి ఏడాది పారిస్ తిరిగొచ్చి యూజెనీ అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. 1888లో తండ్రి వ్యాపారం నుంచి తప్పుకున్నప్పుడు తన వాటాని అన్నలకే అమ్మేసి, ఆ డబ్బుతో పారిస్‌లోని రాబర్ట్ హూడిన్ థియేటర్ కొన్నారు. సుమారు 200 సీట్ల చిన్న హాలు అది. కానీ మేజిక్ లోకంలో దాని పేరు చాలా పెద్దది.

ఆ పేరు గురించి మనవాళ్లు తెలుసుకోవాల్సిన ఒక సంగతి ఉంది. థియేటర్ పెట్టిన రాబర్ట్ హూడిన్ అప్పటికి చనిపోయి చాలా ఏళ్లైంది. (అమెరికాలో పేరుపొందిన హౌడినీ తన పేరుని ఈయన పేరు నుంచే తీసుకున్నాడు.) 1856లో ఫ్రాన్సు ప్రభుత్వం ఈయన్ని అల్జీరియా పంపింది. అక్కడి ముస్లిం జనం మరాబౌతులు అనే దర్వేషుల మాట వినేవాళ్లు. వాళ్ల పలుకుబడి తగ్గించాలని, ఫ్రెంచివాళ్ల దగ్గర అంతకంటే గొప్ప శక్తి ఉందని చూపించాలని ఆ ఏర్పాటు. రాబర్ట్ హూడిన్ ఒక చిన్న పెట్టె తెచ్చి, బలంగా ఉన్న ఒక అరబ్బు మనిషిని ఎత్తమన్నాడు. అతను ఎత్తలేకపోయాడు. పెట్టె అడుగున ఇనుము, స్టేజీ కింద కరెంటు అయస్కాంతం. చాలదన్నట్టు షాక్ కూడా కొట్టించాడు. మేజిక్ చరిత్ర పుస్తకాల్లో దీన్ని తమాషాగా రాస్తారు గానీ, హాథ్ కీ సఫాయిని హుకూమత్ కోసం వాడుకున్న ఘటన ఇది.

మెలియెస్ అలాంటి పనులకి పోలేదు. ఆ హాల్లో కొన్నేళ్లలోనే 30కి పైగా కొత్త మేజిక్‌లు తయారుచేశారు. వాటిలో ఒకదాంట్లో ఒక ప్రొఫెసర్ ఆత్మల గురించి ఉపన్యాసం ఇస్తూనే ఉంటాడు, ఎంతకీ ఆపడు. విసుగొచ్చి తల నరికేస్తే, ఆ తల కూడా మాట్లాడుతూనే ఉంటుంది. జనం పగలబడి నవ్వేవాళ్లు. అదే రోజుల్లో ఒక పత్రికకి రాజకీయ కార్టూన్లు కూడా గీశారు. అక్కడ తన పేరులోని అక్షరాల్నే అటూ ఇటూ మార్చి 'జియో స్మైల్' అని సంతకం చేసేవారు.

కెమెరా ఎలా వచ్చింది

1895 డిసెంబర్ 28న పారిస్‌లోని గ్రాండ్ కేఫ్‌లో లూమియేర్ సోదరులు తమ సినిమా యంత్రంతో జనానికి మొదటి షో వేశారు. ఆ షో చూసినవాళ్లలో మెలియెస్ ఉన్నారు. చూడగానే యంత్రాన్ని కొంటానని 10,000 ఫ్రాంకులు ఇవ్వబోయారు. లూమియేర్లు అమ్మలేదు. ఇంకా పెద్ద మొత్తం ఇస్తామన్నవాళ్లకి కూడా అమ్మలేదు.

మెలియెస్ ఊరుకోలేదు. లండన్ వెళ్లి రాబర్ట్ పాల్ అనే ఆయన తయారుచేసిన ప్రొజెక్టర్ కొని, 1896 ఏప్రిల్ నుంచి తన థియేటర్లో బొమ్మ వేయడం మొదలుపెట్టారు. తర్వాత ఆ యంత్రాన్ని విప్పి, ఎలా పనిచేస్తుందో చూసి, దాన్నే కెమెరాగా మార్చుకున్నారు. అది చేసే చప్పుడుకి ఆయనే దానికి కాఫీ మర అని పేరు పెట్టారు. ఆ ఏడాదే తన కంపెనీకి స్టార్ ఫిల్మ్ అని పేరు పెట్టారు.

మొదట తీసినవి అందరూ తీసినట్టే ఉన్నాయి. నలుగురు కూర్చుని పేకాడటం, వీధిలో జనం, రైలు. తర్వాత ఒకరోజు ఒపేరా చౌరస్తాలో షూటింగ్ చేస్తుంటే కెమెరాలో ఫిల్ము ఇరుక్కుందట. సరిచేసి మళ్లీ తిప్పారు. తర్వాత తెర మీద వేసి చూస్తే, వెళ్తున్న బస్సు ఉన్నట్టుండి శవాల బండి అయిపోయింది! ఇది మెలియెస్ స్వయంగా చెప్పుకున్న కథ. మెజీషియన్ చెప్పిన కథ కాబట్టి కొంచెం ఉప్పు కారం పడి ఉండొచ్చు. కెమెరా ఆపి మనిషిని మార్చే ఉపాయం 1895లోనే అమెరికాలో ఎడిసన్ కంపెనీ ఒక సినిమాలో వాడింది. కాకపోతే దాంతో ఏమేం చేయొచ్చో చూసింది మాత్రం మెలియెస్.

1896లోనే తీసిన 'మాయమైన మహిళ' చూస్తే సంగతి అర్థమవుతుంది. స్టేజీ మీద ఈ మేజిక్ అప్పటికే ప్రసిద్ధి. నేల మీద న్యూస్‌పేపర్ పరిచి, కుర్చీ వేసి, మహిళని కూర్చోబెట్టి గుడ్డ కప్పుతారు. గుడ్డ తీస్తే ఆమె ఉండదు. కింద రహస్యంగా ఒక తలుపు ఉంటుంది కాబట్టి అది సాధ్యం. సినిమాలో ఆ తలుపుతో పనే లేదు. కెమెరా ఆపడం, ఆమె లేచి వెళ్లిపోవడం, మళ్లీ తిప్పడం, అంతే. పైగా మెలియెస్ అక్కడితో ఆగకుండా ఖాళీ కుర్చీలో ఒక అస్థిపంజరాన్ని కూర్చోబెట్టి, తర్వాత మళ్లీ మహిళని తెప్పించారు. స్టేజీ మీద చేయలేనిదాన్ని తెర మీద చేశారు. ఆ మహిళగా నటించిన జెహాన్ డాల్సీ పేరు గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో మళ్లీ వస్తుంది.

మన జానపద సినిమాల్లో మాంత్రికుడు చేయి ఊపగానే రాజకుమారుడు చిలకగా మారిపోవడం చూశాం కదా. దాని మూలం ఇదే.

గాజు స్టూడియో

1897లో పారిస్ పక్కనున్న మోంత్రై అనే చోట కుటుంబం స్థలంలో ఒక స్టూడియో కట్టించారు. ఎండ కావాలి కాబట్టి గోడలు, కప్పు అన్నీ గాజే. లోపలి స్టేజీ సరిగ్గా తన థియేటర్ స్టేజీ కొలతలతోనే. సెట్లకి వాడే రంగులన్నీ నలుపు, తెలుపు, బూడిద ఛాయలే. ఆనాటి ఫిల్ములో ఎరుపు నల్లగా పడేది, అందుకని.

ఆయన దినచర్య చదివితే మనకే ఆయాసం వస్తుంది. పొద్దున ఏడింటికి స్టూడియో. సాయంత్రం ఐదు దాకా సెట్లు, సామాన్ల తయారీ. తర్వాత బట్టలు మార్చుకుని పారిస్ వెళ్లి, ఆరింటికల్లా థియేటర్ ఆఫీసులో వచ్చినవాళ్లని కలవడం. ఎనిమిదింటికి షో. షో నడుస్తుండగానే రేపటి సెట్ల బొమ్మలు గీసుకోవడం. రాత్రికి మళ్లీ మోంత్రై. షూటింగ్ శుక్ర, శని వారాల్లో. ఆదివారం థియేటర్లో పగలు ఒక షో, సినిమాలు, రాత్రి మళ్లీ షో. కథ, సెట్టు, దర్శకత్వం, ముఖ్యవేషం అన్నీ ఆయనవే.

ట్రిక్కుల్లో ఎంత ఓపిక కావాలో చూడండి. 1900లో తీసిన ఒక సినిమాలో ఏడుగురు మెలియెస్‌లు పక్కపక్కన కూర్చుని ఏడు వాయిద్యాలు వాయిస్తారు. ఒకే ఫిల్ముని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి, ప్రతిసారీ వేరే కుర్చీలో కూర్చుని తీయాలి. ఆరోసారి చేయి కాస్త తప్పినా మొత్తం పోతుంది. 1901లో తీసిన 'రబ్బరు తల మనిషి'లో టేబుల్ మీదున్న తల గాలి కొట్టినకొద్దీ ఉబ్బుతుంది. కెమెరాని ముందుకి జరపలేదు. చక్రాల పీట మీద తాను కూర్చుని, వాలుగా వేసిన పలకల మీంచి కెమెరా దగ్గరికి వచ్చారు. తల పెద్దదవుతున్నట్టే కనిపిస్తుంది.

ఆయన తీసినవన్నీ తమాషాలే అనుకోవద్దు. 1899లో డ్రైఫస్ కేసు మీద 11 భాగాలుగా సినిమా తీశారు. డ్రైఫస్ ఫ్రాన్సు సైన్యంలో యూదు అధికారి. చేయని దేశద్రోహం నెత్తిన వేసి జైలుకి పంపారు, దేశం రెండుగా చీలిపోయింది. కేసు ఇంకా నడుస్తుండగానే మెలియెస్ ఆ నిర్దోషి పక్షాన సినిమా తీశారు. సొంత డబ్బు పెట్టి, టికెట్ల మీద బతికే మనిషి సగం దేశానికి నచ్చని కథ తీయడం చిన్న విషయం కాదు.

1902లో ఇంగ్లండ్ రాజు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం సినిమా మాత్రం పూర్తిగా వ్యాపారమే. అసలు వేడుకని తీయడానికి కుదరదు కాబట్టి మోంత్రైలోనే సెట్టు వేసి ముందుగానే తీసేశారు. రాజు వేషం వేసింది బట్టలుతికే చోట పనిచేసే ఒక మనిషి. అసలు రాజుకి అపెండిసైటిస్ వచ్చి వేడుక జూన్ నుంచి ఆగస్టుకి వాయిదా పడింది. రాజు కంటే ముందే 'రాజు' పట్టాభిషేకం అయిపోయిందన్నమాట.

మన అలిఫ్ లైలా కథల్ని కూడా వదల్లేదు. 1905లో 'వెయ్యిన్నొక్క రాత్రుల మహల్' పేరుతో తీశారు. అందులో కనిపించే తూర్పు దేశం మాత్రం పారిస్ వాళ్ల ఊహల్లోదే.

చంద్రుడి సినిమా లెక్కలు

'చంద్రుడి మీదికి ప్రయాణం' 1902 సెప్టెంబర్‌లో విడుదలైంది. దాదాపు 260 మీటర్ల ఫిల్ము, సుమారు పావుగంట సినిమా. ఆ రోజుల్లో అదే చాలా పెద్దది. చంద్రుడి మీద ఉండే జీవుల వేషాలు ఫోలీ బెర్జేర్ థియేటర్ నుంచి వచ్చిన ఆక్రోబాట్‌లు వేశారు. తీయడానికి మూడు నెలలు పట్టింది. ఖర్చు 10,000 ఫ్రాంకులు. నలుపు తెలుపు కాపీ ధర 560 ఫ్రాంకులు, చేత్తో రంగులద్దిన కాపీ 1,000. రంగులు వేసేది ఎలిజబెత్ తుయిలియే అనే ఆమె వర్క్‌షాపులో ఆడవాళ్లు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. బ్రష్ పట్టుకుని ఒక్కో ఫ్రేమ్‌కి వేయాలి.

లెక్క వేయండి. కాపీ తయారీ ఖర్చు పక్కన పెడితే, 18 నలుపు తెలుపు కాపీలు అమ్మితే పెట్టుబడి తిరిగొస్తుంది. కానీ గమనించాల్సింది వేరే ఉంది. మెలియెస్ సినిమాని అద్దెకి ఇవ్వలేదు, కాపీని అమ్మేశారు. అప్పట్లో అందరూ చేసింది అదే. కొన్నవాడు ఊరూరా జాతరల్లో తిప్పి ఆ కాపీ అరిగిపోయేదాకా వెయ్యి షోలు వేసుకున్నా మెలియెస్‌కి మళ్లీ ఒక్క ఫ్రాంకు రాదు. సినిమా ఎంత ఆడినా నిర్మాతకి వచ్చేది ఒక్కసారే. మరో సినిమా తీస్తేనే మరో రాబడి. అందుకే అన్ని వందల సినిమాలు.

దీనికి తోడు దొంగ కాపీలు. అమెరికాలో ఎడిసన్ కంపెనీ, లూబిన్, సెలిగ్ ఈ సినిమాకి సొంతంగా కాపీలు తీసి అమ్ముకున్నారు. అక్కడ జనం కట్టిన టికెట్ డబ్బులో మెలియెస్‌కి దక్కింది స్వల్పం. పైరసీ గురించి ఈ రోజు మన నిర్మాతలు చెప్పే బాధ 120 ఏళ్ల పాతది. దాన్ని ఆపడానికి అన్న గాస్టన్‌ని న్యూయార్క్ పంపి 1903లో ఆఫీసు తెరిపించారు. అమెరికాలో కాపీరైట్ రిజిస్టర్ చేయించడం మొదలుపెట్టారు. రెండు నెగటివ్‌లు ఒకేసారి తీశారు, ఒకటి ఐరోపాకి, ఒకటి అమెరికాకి.

కొంతకాలం బాగానే నడిచింది. ఈలోగా మార్కెట్ మారిపోయింది. 1907లో పాతే కంపెనీ కాపీలు అమ్మడం మానేసి అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఇదే అసలు మలుపు. అద్దె పద్ధతిలో రాబడి ఆగకుండా వస్తుంది గానీ, దానికి ప్రతి వారం కొత్త సరుకు కావాలి, శాఖలు కావాలి, చేతిలో పెద్ద పెట్టుబడి ఉండాలి. పాతే దగ్గర ఫ్యాక్టరీ ఉంది. మెలియెస్ దగ్గర ఉన్నది మెలియెస్ ఒక్కడే. 1908లో అమెరికాలో ఎడిసన్ నాయకత్వాన కంపెనీలన్నీ ఒక కూటమి కట్టాయి. అందులో చేరినందుకు స్టార్ ఫిల్మ్ వారానికి వెయ్యి అడుగుల సినిమా ఇవ్వాల్సి వచ్చింది. చేత్తో సెట్లు గీసుకునే మనిషికి ఆ లెక్క ఎలా కుదురుతుంది? 1909లో పారిస్‌లో జరిగిన నిర్మాతల అంతర్జాతీయ సమావేశానికి ఆయనే అధ్యక్షుడు. అక్కడే అమ్మకాల బదులు అద్దె పద్ధతికి అందరూ ఒప్పుకున్నారు. తనకి నచ్చని పద్ధతి తన అధ్యక్షతలోనే ఖాయమైంది.

పాతే దగ్గర అప్పు

1911లో మెలియెస్ సినిమాలు తీయడానికి పాతే దగ్గర అప్పు తీసుకున్నారు. హామీగా పెట్టింది ఏంటంటే, మోంత్రైలోని ఇల్లు, స్టూడియో. పంపిణీ హక్కులు కూడా పాతేవే. ఎవరు పోటీ వ్యాపారో వాళ్ల దగ్గరే ఇల్లు తాకట్టు పెట్టారన్నమాట. ఆ డబ్బుతో 1912లో 'ధ్రువం మీద విజయం' తీశారు. మంచులోంచి లేచి మనుషుల్ని మింగే ఒక రాక్షసుడి బొమ్మ అందులో అద్భుతం. కానీ జనం అప్పటికే కథలున్న పెద్ద సినిమాలకి అలవాటు పడ్డారు, పదేళ్ల కిందటి పద్ధతిలో ఉన్న ఈ సినిమా ఆడలేదు. అటు గాస్టన్ పసిఫిక్ దీవులు, ఆసియా దేశాలు తిరిగి తీసిన సినిమాలు వేడికి, తేమకి చాలావరకు పాడై నష్టాలు తెచ్చాయి. అన్నదమ్ముల మధ్య మాటలు కూడా లేకుండా పోయాయి.

1913లో పాతేతో ఒప్పందం తెగిపోయింది. ఆ ఏడాది మే నెలలో భార్య యూజెనీ చనిపోయారు. అదే నెల 3న బొంబాయిలో దాదాసాహెబ్ ఫాల్కే 'రాజా హరిశ్చంద్ర' విడుదలైంది. ఫాల్కే కూడా ఒకప్పుడు మేజిక్ షోలు చేసినవారే. ఆయన కూడా తన పేరుని తిరగేసి 'ప్రొఫెసర్ కేల్ఫా' అని పెట్టుకున్నారు.

1914లో యుద్ధం వచ్చింది. యుద్ధకాలంలో అప్పుల వసూళ్లు ఆపాలన్న ప్రభుత్వ ఉత్తర్వు వల్ల పాతే వెంటనే ఇల్లు తీసుకోలేకపోయింది. స్టూడియో భవనం గాయపడ్డ సైనికుల ఆసుపత్రి అయింది. సైన్యం 400కి పైగా స్టార్ ఫిల్మ్ కాపీల్ని తీసుకెళ్లి కరిగించింది. అందులోని వెండి ఒకందుకు, సెల్యులాయిడ్ బూట్ల మడమలకి వాడారని చెబుతారు. బూట్ల వ్యాపారం వదిలేసి వచ్చిన మనిషి సినిమాలు చివరికి బూట్లకే వెళ్లాయి.

1923లో దెబ్బ మీద దెబ్బ. కొత్త రోడ్డు కోసం రాబర్ట్ హూడిన్ థియేటర్ కూల్చేశారు. మోంత్రై ఆస్తి అప్పు కింద పోయింది. నెగటివ్‌లు పెట్టుకోవడానికి చోటు లేక, కోపంతో, మెలియెస్ వాటిని తన చేతులతోనే తగలబెట్టారు. 520లో ఈ రోజు మిగిలినవి 200కి కాస్త ఎక్కువ. అవి కూడా ఎక్కువగా ఇతరులు కొనుక్కున్న కాపీల వల్లా, అమెరికాలో కాపీరైట్ కోసం ఇచ్చిన ప్రతుల వల్లా మిగిలాయి.

బొమ్మల దుకాణం, తర్వాత

1925లో మెలియెస్ జెహాన్ డాల్సీని పెళ్లి చేసుకున్నారు, 'మాయమైన మహిళ'లో కుర్చీలో కూర్చున్న ఆమెనే. మోంపర్నాస్ స్టేషన్లో ఆమె నడిపే బొమ్మలు, మిఠాయిల దుకాణంలో ఇద్దరూ కూర్చునేవారు. కొన్నాళ్లకి ఒక సినిమా పత్రిక సంపాదకుడు ఆయన్ని గుర్తుపట్టారు. పాత కాపీలు కొన్ని దొరికాయి. 1929 డిసెంబర్ 16న పారిస్‌లో పెద్ద సన్మానం జరిగింది, ఆ సినిమాల్ని మళ్లీ వేశారు. 1931లో ఫ్రాన్సు ప్రభుత్వ గౌరవం లెజియన్ ఆఫ్ ఆనర్ దక్కింది. పతకం పెట్టింది లూయి లూమియేర్, అప్పట్లో యంత్రం అమ్మనన్న ఇంటివాడే. 1932లో ఓర్లీలో సినిమావాళ్ల కోసం కట్టిన వృద్ధాశ్రమంలో చోటిచ్చారు. అక్కడ ఆయన, భార్య, మనవరాలు మాడ్లిన్ ఉన్నారు. ఫ్రెంచ్ సినిమా భాండాగారం మొదలుపెట్టిన యువకులు తొలి ఫిల్ములు దాచింది ఆ ఆశ్రమం ఆవరణలోని ఒక పాత కట్టడంలోనే. దాని తాళంచెవి మెలియెస్‌కి అప్పగించారు. 1938 జనవరి 21న క్యాన్సర్‌తో పారిస్‌లో చనిపోయారు.

ఆయన జీవితం ఆధారంగా బ్రయాన్ సెల్జ్నిక్ 2007లో పిల్లల నవల రాశారు. దాన్నే 2011లో మార్టిన్ స్కోర్సెసీ 'హ్యూగో' పేరుతో త్రీడీలో తీశారు. మెలియెస్ వేషం వేసింది బెన్ కింగ్‌స్లీ. గాంధీగా మనకి తెలిసిన ఈ నటుడి తండ్రి గుజరాతీ ఖోజా కుటుంబానికి చెందినవారు. ఆ సినిమాలో వ్యాపారం సంగతి పెద్దగా లేదు, యుద్ధం వల్లే అంతా పోయినట్టు చూపించారు. పిల్లలతో కలిసి చూడటానికి మాత్రం బాగుంటుంది.

చంద్రుడి సినిమా రంగుల కాపీ ఒక్కటీ మిగల్లేదనే అనుకున్నారు. 1993లో స్పెయిన్‌లోని బార్సిలోనా ఫిల్ము భాండాగారంలో ఒకటి బయటపడింది, గట్టిగా అతుక్కుపోయిన ముద్దలా. ఒక్కో ఫ్రేమ్ విడదీసి, ఏళ్ల తరబడి బాగుచేసి 2011 మేలో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్లో వేశారు. ఈ పాత సినిమాలు ఇప్పుడు యూట్యూబ్‌లో ఉచితంగానే దొరుకుతాయి. మాటలుండవు కాబట్టి భాష సమస్య లేదు. చిన్నపిల్లలకి చూపించాలంటే 'రబ్బరు తల మనిషి'తో మొదలుపెట్టండి, మూడు నిమిషాల్లోపే అయిపోతుంది.